మిడికి కార్డ్స్ తెలియవు... మీకు తెలియాలి!

ల్యాప్‌టాప్‌లో పాట కట్టాలనుకుంటున్నారా? ముందు పన్నెండు వరకూ లెక్కపెట్టడం నేర్చుకోండి

సంగీతంలో నా మొదటి సంపాదన మూడు వేల రూపాయలు. అది చేతికి రాలేదు.

ఈసీఈలో బీటెక్ అయిపోయి, ఉద్యోగంలో చేరి, రాత్రిళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బీట్లు చేసుకుంటున్న రోజులవి. ఓ స్నేహితుడి ద్వారా షార్ట్‌ఫిల్మ్ పని వచ్చింది. ట్యూన్ అప్పటికే సిద్ధం. కర్ణాటక సంగీతం నేర్పే ఒక టీచర్ గారు మోహన రాగంలో కట్టి, ఫోన్‌లో పాడి పంపించారు. ‘వెనకాల మ్యూజిక్ పెట్టివ్వు చాలు’ అన్నాడు డైరెక్టర్. నాకు కీబోర్డు వాయించడం రాదు. అయినా భయపడలేదు. ఆన్‌లైన్‌లో కొన్న ‘మిడి కార్డ్ ప్యాక్’ ఉంది కదా! అందులోంచి బాగా వినిపించే నాలుగు కార్డ్స్ లాక్కొచ్చి ట్రాక్ మీద పెట్టాను. మంచి పియానో శబ్దం తగిలించాను. నాకైతే అదిరిపోయింది.

రికార్డింగ్ రోజు టీచర్ గారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు లైన్లు విన్నారు. ‘‘పాట మోహనం కదా బాబూ, కింద నిషాదం, మధ్యమం ఎందుకు మోగుతున్నాయి? అవి తీసేసి పెట్టు నాన్నా, పాడతాను. నా శ్రుతి ఐదున్నర, అది కూడా చూసుకో’’ అన్నారు.

తీసేయాలి. సరే, దేన్ని? తెరమీద వరసగా పచ్చరంగు పట్టీలు కనిపిస్తున్నాయి. వాటిలో నిషాదం ఏదో నాకు తెలియదు. ఐదున్నర అంటే ఏమిటో అసలే తెలియదు. గంటసేపు అటూ ఇటూ జరిపాను. ప్రతిసారీ ఇంకా చెడిపోయింది. టీచర్ గారు ఏమీ అనలేదు, గడియారం చూసుకుని వెళ్లిపోయారు. పాట ఇంకొకరికి వెళ్లింది.

తర్వాత తెలిసింది... అది పది నిమిషాల పని. పియానో వచ్చి ఉండాల్సిన పనిలేదు. లెక్క వస్తే చాలు. ఆ లెక్కే ఈ వ్యాసం.

మిడి అంటే శబ్దం కాదు

మొదట అందరూ పొరబడేది ఇక్కడే. మిడి ఫైల్‌లో పాట ఉండదు. ఏ కీ నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు... ఈ సూచనలు మాత్రమే ఉంటాయి. వంటకం కాదు, వంట చేసే విధానం రాసిన కాగితం అనుకోండి. ఆ కాగితం చదివి శబ్దం చేసేది సాఫ్ట్‌వేర్‌లోని పియానో, ఫ్లూట్, సింథ్. అందుకే అదే మిడిని పియానోకు ఇస్తే పియానో, వీణకు ఇస్తే వీణ మోగుతుంది.

సైజులోనూ తేడా తెలిసిపోతుంది. సీడీ నాణ్యతతో నాలుగు నిమిషాల పాట రికార్డ్ చేస్తే సుమారు 40 ఎంబీ. అదే పాటలో కీబోర్డు భాగం మిడి ఫైల్‌గా అయితే కొన్ని కేబీలు.

1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ సంగీత పరికరాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లను ఒక కేబుల్‌తో కలిపి చూపించారు. ఒకటి సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్లది, రెండోది జపాన్ కంపెనీ రోలండ్‌ది. ఒకదాని మీద వాయిస్తే రెండోది కూడా మోగింది. ఈ ప్రమాణం వెనక ఉన్న డేవ్ స్మిత్, ఇకుటారో కకెహాషి ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. 2020లో మిడి 2.0 వచ్చింది. అయినా ఇవాళ మనం సాఫ్ట్‌వేర్లలో చేసే పనిలో ఎక్కువ భాగం ఇంకా ఆ పాత మిడి లెక్కలతోనే నడుస్తోంది.

ఈసీఈ, సీఎస్ఈ వాళ్లకు ఇది ఇంకా తేలిక. మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో సీరియల్ కమ్యూనికేషన్ చేసి ఉంటారు కదా, మిడి కేబుల్‌లో జరిగేది అదే. వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక కీ నొక్కితే మూడు బైట్లు వెళ్తాయి. మొదటిది ‘నోట్ మొదలైంది, ఫలానా చానల్’ అని చెబుతుంది. రెండోది ఏ నోటో చెబుతుంది. మూడోది ఎంత బలంగా నొక్కారో చెబుతుంది. నోట్లకు 0 నుంచి 127 వరకూ నంబర్లున్నాయి. పియానో మధ్యలో ఉండే ‘సి’ నంబరు 60. నొక్కిన బలాన్ని వెలాసిటీ అంటారు. దాని కొలత కూడా 127 వరకే.

గమనించారా? ఈ మూడు బైట్లలో ఎక్కడా ‘కార్డ్’ అనే మాట లేదు. మిడికి కార్డ్ అంటే ఏమిటో తెలియదు. ఒకేసారి మూడు నోట్లు వచ్చాయి, అంతే. అది సంతోషంగా ఉందా, దిగులుగా ఉందా, రాగానికి నప్పిందా అన్నది మన చెవి తేల్చుకోవాలి. కార్డ్ ప్యాక్ కొన్నా, కార్డ్ పేరు చూపించే ప్లగిన్ పెట్టుకున్నా ఈ బాధ్యత మనల్ని వదలదు.

కార్డ్ అంటే నాలుగు, మూడు లెక్క

కీబోర్డు మీద తెల్ల కీలు, నల్ల కీలు కలిపి వరసగా లెక్కపెట్టండి. ఒక కీ నుంచి పక్క కీకి ఒక మెట్టు. పన్నెండు మెట్లు ఎక్కితే మళ్లీ అదే స్వరం పైస్థాయిలో వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లోని పియానో రోల్‌లో ఇదే నిలువుగా కనిపిస్తుంది. ఒక్కో గీత ఒక్కో మెట్టు.

ఏ నోటు నుంచైనా మొదలుపెట్టి...

• నాలుగు మెట్లు, ఆపైన మూడు మెట్లు: మేజర్ కార్డ్. 60 నుంచి అయితే 60-64-67.

• మూడు మెట్లు, ఆపైన నాలుగు: మైనర్ కార్డ్. 60-63-67.

• మూడు, ఆపైన మూడు: డిమినిష్డ్. 60-63-66. ఉత్కంఠ సీన్లకు పనికొస్తుంది.

• రెండు, ఆపైన ఐదు: సస్ 2. 60-62-67.

• ఐదు, ఆపైన రెండు: సస్ 4. 60-65-67. ఈ రెండూ అటు సంతోషమూ కాదు, ఇటు దిగులూ కాదు. మధ్యలో వేలాడుతుంటాయి.

మేజర్‌కీ మైనర్‌కీ మధ్య తేడా ఒకే ఒక్క నోటు, అదీ ఒక్క మెట్టు. పియానో రోల్‌లో మధ్య పట్టీని మౌస్‌తో ఒక గీత కిందికి లాగి చూడండి. గది వాతావరణమే మారిపోతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు పది నిమిషాలు అదే పైకీ కిందికీ లాగుతూ కూర్చున్నాను.

ఇప్పుడు ‘సి’ని షడ్జం అనుకుందాం. అప్పుడు తెల్ల కీలన్నీ వరసగా స రి గ మ ప ద ని. ఇది మన శంకరాభరణం. పాశ్చాత్య సంగీతంలో మేజర్ స్కేల్. ఈ ఏడింటిలో ఒకటి నొక్కి, ఒకటి వదిలి, ఒకటి నొక్కి, ఒకటి వదిలి, మళ్లీ ఒకటి నొక్కితే కార్డ్ తయారు. స-గ-ప, రి-మ-ద, గ-ప-ని... ఇలా ఏడు కార్డ్స్ వస్తాయి. మూడు మేజర్, మూడు మైనర్, ఒకటి డిమినిష్డ్. సినిమా పాటల నుంచి ప్రకటనల జింగిల్స్ వరకూ ఎన్నో ఈ ఏడింటిలోనే తిరుగుతుంటాయి.

సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇంకో సౌలభ్యం. నటభైరవి అంటే నేచురల్ మైనర్. కీరవాణి అంటే హార్మోనిక్ మైనర్. స్వరస్థానాలు సరిగ్గా ఒకటే. చిన్నప్పుడు సరళీ స్వరాలు నేర్చుకుని మధ్యలో మానేసినవాళ్లు ‘నాకు థియరీ రాదు’ అనుకోవద్దు. సగం మీకు వచ్చేసినట్టే.

నా పాటలో తప్పెక్కడ?

ఇక నా పాట సంగతి. నేను ప్యాక్ నుంచి లాగిన నాలుగు కార్డ్స్ ఇవి: సి మేజర్, జి మేజర్, ఏ మైనర్, ఎఫ్ మేజర్. లెక్కలేనన్ని పాటల్లో వినిపించే వరస. స్వరాల్లో రాస్తే స-గ-ప, ప-ని-రి, ద-స-గ, మ-ద-స.

మోహనంలో ఉండేవి ఐదే స్వరాలు: స రి గ ప ద. మధ్యమం లేదు, నిషాదం లేదు. నా రెండో కార్డ్‌లో నిషాదం ఉంది, నాలుగో కార్డ్‌లో మధ్యమం ఉంది. టీచర్ గారు రెండు లైన్లకే పట్టేసింది వీటినే.

ఒక మాట. మోహనం కింద మధ్యమం వినిపించడం నేరమేమీ కాదు. సినిమా సంగీతంలో కావాలని చేస్తారు, అందంగానూ ఉంటుంది. కానీ నేను కావాలని చేయలేదు, తెలియక చేశాను. తీసేయమన్నప్పుడు తీయలేకపోయాను. తేడా అక్కడే ఉంది.

సవరణ ఎలాగంటే... జి మేజర్‌లోని నిషాదాన్ని రెండు మెట్లు కిందికి దించితే ధైవతం అవుతుంది. ఇప్పుడు కార్డ్ ప-ద-రి. అంటే జి సస్ 2. మోహనంలోనే ఉంది. నాలుగో చోట ఎఫ్ మేజర్ మొత్తం తీసేసి రి-ప-ద పెడితే డి సస్ 4. ఇదీ మోహనంలోనే ఉంది.

ఇక్కడో తమాషా చూడండి. ప-ద-రి, రి-ప-ద... మూడూ అవే స్వరాలు! కింద బాస్‌లో పంచమం మోగితే జి సస్ 2, రిషభం మోగితే డి సస్ 4. మిడిలో చూస్తే రెండూ 62-67-69 మాత్రమే. బాస్ ట్రాక్‌లో ఒక్క నోటు మారితే పైన ఉన్న కార్డ్ పేరే మారిపోతుంది. కార్డ్ పేరు చూపించే ప్లగిన్లు ఒక్కోసారి ఒక్కో పేరు చూపించేది అందుకే. వాటికి బాస్ ట్రాక్ వినబడదు.

ఐదున్నర శ్రుతి అంటే?

మన గాయకులు స్కేల్ పేరు చెప్పరు, శ్రుతి చెబుతారు. ఈ పట్టిక ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఒకటి అంటే సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఏ, ఏడు బి. మధ్యలోని నల్ల కీలు అరలు. ఒకటిన్నర అంటే సి షార్ప్, ఐదున్నర అంటే జి షార్ప్. మూడున్నర ఉండదు, ఎందుకంటే ఇ, ఎఫ్ మధ్య నల్ల కీ లేదు.

సి నుంచి జి షార్ప్‌కు ఎనిమిది మెట్లు పైకి, లేదా నాలుగు మెట్లు కిందికి. అన్ని నోట్లనూ సెలెక్ట్ చేసి అన్ని మెట్లు జరిపితే పని అయిపోతుంది. ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్, క్యూబేస్, రీపర్... అన్నిటిలోనూ దీనికి షార్ట్‌కట్ ఉంది. రికార్డ్ చేసిన ఆడియోను ఇలా జరిపితే గొంతు మారి బొంగురుగానో కీచుగానో వినిపించే ప్రమాదం ఉంది. మిడికి ఆ బాధ లేదు. సూచన మారింది కాబట్టి వాద్యం కొత్తగా వాయిస్తుంది, అంతే.

జాగ్రత్త, డ్రమ్స్ ట్రాక్‌ను మాత్రం సెలెక్ట్ చేయకండి! డ్రమ్స్‌లో నోటు నంబరు స్వరం కాదు, ఏ వాద్యం మోగాలో చెప్పే గుర్తు. జనరల్ మిడి పద్ధతిలో 36 అంటే కిక్, 38 అంటే స్నేర్. ఎనిమిది మెట్లు పైకి జరిపితే 36 కాస్తా 44, 38 కాస్తా 46 అవుతాయి. అవి రెండూ హై-హ్యాట్ శబ్దాలు. కిక్, స్నేర్ మాయమై తాళాల చప్పుడు మిగులుతుంది.

ఇంకో చిక్కు. అదే 60 నంబరు నోటును ఏబుల్టన్ ‘సి3’ అని చూపిస్తుంది, ఎఫ్ఎల్ స్టూడియో ‘సి5’ అంటుంది. యూట్యూబ్ పాఠం ఒక సాఫ్ట్‌వేర్‌లో, మీరు చేసేది ఇంకో దాంట్లో అయితే స్థాయి తేడా వస్తుంది. పేరు కాదు, శబ్దం విని సరిచూసుకోండి.

గెంతులు తగ్గించండి

కార్డ్స్ అన్నీ సరైనవే, అయినా ‘కొత్తగా నేర్చుకున్నవాడు చేశాడు’ అని ఎందుకు తెలిసిపోతుంది? చాలాసార్లు కారణం గెంతులు. సి మేజర్ నుంచి ఏ మైనర్‌కు వెళ్లేటప్పుడు మూడు పట్టీలనూ కలిపి మొత్తంగా కిందికి లాగేస్తాం. 60-64-67 నుంచి 57-60-64కు. ఆ తర్వాత మళ్లీ ఇంకో గెంతు.

నిజానికి ఈ రెండు కార్డ్స్‌లో షడ్జం, గాంధారం రెండూ ఉన్నాయి. వాటిని కదపక్కర్లేదు. పంచమాన్ని రెండు మెట్లు పైకి జరిపి ధైవతం చేస్తే 60-64-69. అదీ ఏ మైనరే! అసలు ‘ఏ’ని బాస్ చూసుకుంటుంది. పియానో వాయించేవాళ్ల వేళ్లు సహజంగా దగ్గరి దారే వెతుక్కుంటాయి. మౌస్‌కు ఆ బద్ధకం లేదు, మనమే నేర్పాలి.

నా పాటకు చివరికి కుదిరిన వరస ఇది. సి శ్రుతిలో రాస్తున్నాను:

• 60-64-67, బాస్ 36

• 62-67-69, బాస్ 43

• 60-64-69, బాస్ 45

• 62-67-69, బాస్ 38

కార్డ్ నోట్లన్నీ 60 నుంచి 69 మధ్యలోనే ఉన్నాయి. ఎక్కడా గెంతులు లేవు. బాస్ మాత్రం దూరంగా కింద నడుస్తోంది. బాస్ స్థాయిలో మూడు నోట్లు దగ్గర దగ్గరగా పెడితే శబ్దం బురదలా అయిపోతుంది. అక్కడ ఒక్క నోటే ఉంచండి.

మనిషి వాయించినట్టు

క్వాంటైజ్ బటన్ నొక్కగానే నోట్లన్నీ గీతల మీదికి వచ్చి సరిగ్గా నిలబడతాయి. చూడటానికి బాగుంటుంది, వినడానికి టైప్‌రైటర్‌లా ఉంటుంది. మూడు చిన్న మార్పులు చేయండి.

మొదటిది వెలాసిటీ. మౌస్‌తో గీసిన నోట్లన్నీ ఒకే బలంతో వస్తాయి. కార్డ్‌లో పై నోటును కాస్త పెంచి, మధ్య నోటును తగ్గించండి. 92, 74, 80... ఇలా. మంచి పియానో లైబ్రరీల్లో వెలాసిటీ మారితే శబ్దం పెరగడమే కాదు, దాని స్వభావమే మారుతుంది.

రెండోది సమయం. మూడు వేళ్లూ ఒకే క్షణంలో తగలవు. ఒక బీట్‌ను 480 టిక్కులుగా లెక్కించే సాఫ్ట్‌వేర్‌లో, 120 టెంపోలో ఒక టిక్కు దాదాపు ఒక మిల్లీసెకను. రెండో నోటును పది టిక్కులు, మూడోదాన్ని ఇరవై టిక్కులు వెనక్కి జరపండి. గిటార్ అయితే ఇంకొంచెం ఎక్కువ.

మూడోది సస్టెయిన్ పెడల్. మిడిలో ఇది కంట్రోలర్ నంబరు 64. కార్డ్ మారే ప్రతిచోటా పెడల్ వదిలి మళ్లీ నొక్కినట్టు గీయాలి. మర్చిపోతే పాత కార్డ్ మీద కొత్త కార్డ్ పడి రెండూ కలగలిసిపోతాయి.

కీబోర్డు కొనుక్కుని లైవ్‌గా వాయిస్తే ఈ మూడూ వాటంతటవే వస్తాయి. వాయించగానే శబ్దం ఆలస్యంగా వస్తోందా? కీబోర్డును తిట్టుకోకండి. ఆడియో సెటింగ్స్‌లో బఫర్ చూడండి. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 1024 ఉంటే దానివల్లే 23 మిల్లీసెకన్ల ఆలస్యం, 128 పెడితే మూడు మిల్లీసెకన్లే. మిక్సింగ్ చేసేటప్పుడు మళ్లీ పెంచుకోండి, లేకపోతే ప్రాసెసర్ మీద భారం పడి చిటపటలు వస్తాయి.

గమకం దగ్గర మిడి తడబడుతుంది

ఇన్ని లెక్కలు చెప్పాక మిడి పరిమితి కూడా చెప్పాలి. దాని లోకంలో స్వరాలు మెట్లు మెట్లుగానే ఉంటాయి. మన సంగీతంలో ప్రాణమంతా ఆ మెట్ల మధ్య జారుడులో ఉంది. దీనికి పిచ్ బెండ్ వాడతారు. మామూలుగా ఇది రెండు మెట్లు పైకి, రెండు మెట్లు కిందికి పనిచేస్తుంది. వాద్యం సెటింగ్‌లో ఈ పరిధి మార్చుకోవచ్చు.

అసలు ఇబ్బంది ఏమిటంటే, పిచ్ బెండ్ ఒక నోటుకు కాదు, చానల్ మొత్తానికి పనిచేస్తుంది. ఒకే ట్రాక్‌లో ఫ్లూట్ మెలొడీ, కార్డ్స్ కలిపి పెట్టి గమకం వేస్తే కార్డ్ కూడా ఊగిపోతుంది. అందుకే మెలొడీని ఎప్పుడూ వేరే ట్రాక్‌లో పెట్టండి. నోటుకో చానల్ ఇచ్చి విడివిడిగా వంచే ఎంపీఈ పద్ధతి వచ్చింది. దానికి సాఫ్ట్‌వేర్, వాద్యం రెండూ సహకరించాలి. నా సలహా అడిగితే... గమకాలు ముఖ్యమైన పాటకు ఒక వయొలిన్ విద్వాంసుణ్నో, ఫ్లూట్ వాయించేవాళ్లనో పిలవండి. మిడితో కార్డ్స్, బాస్ సిద్ధంగా ఉంచండి. అందరికీ గౌరవం, పాటకూ మేలు.

దేంతో మొదలుపెట్టాలి?

‘ఏ సాఫ్ట్‌వేర్ మంచిది’ అన్న ప్రశ్న దగ్గరే చాలామంది ఆరు నెలలు ఆగిపోతారు. పైన చెప్పినవన్నీ ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా చేయొచ్చు.

మ్యాక్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. విండోస్, లినక్స్‌లలో ఎల్ఎంఎంఎస్ ఉచితం. రీపర్‌ను 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో అన్నీ పనిచేస్తాయి గానీ, సేవ్ చేసిన ప్రాజెక్ట్ కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. చిన్న మిడి కీబోర్డులు, ఆడియో ఇంటర్‌ఫేస్‌లు కొంటే చాలావాటితో ఏబుల్టన్ లైవ్ లైట్ ఉచితంగా వస్తుంది, పెట్టెలోని కోడ్ పారేయకండి. డౌన్‌లోడ్ చేసే ఓపిక కూడా లేకపోతే ఏబుల్టన్ వాళ్ల ‘లెర్నింగ్ మ్యూజిక్’ పాఠాలు బ్రౌజర్‌లోనే ఉచితంగా నడుస్తాయి. క్రాక్ వెర్షన్ల జోలికి వెళ్లొద్దు. వాటితో వచ్చే వైరస్ సంగతి అటుంచి, క్లయింట్ పని మధ్యలో ప్రాజెక్ట్ తెరుచుకోకపోతే జవాబు చెప్పుకోలేరు.

సాయం చేసే టూల్స్ కూడా ఉన్నాయి. క్యూబేస్‌లో కార్డ్ ట్రాక్, ఎఫ్ఎల్ పియానో రోల్‌లో కార్డ్ స్టాంప్, ఏబుల్టన్‌లో ఒక్క నోటు నొక్కితే కార్డ్ మోగించే ‘కార్డ్’ ఎఫెక్ట్. వాడండి, తప్పులేదు. కాకపోతే వాడాక ఒకసారి పట్టీలు తెరిచి, మెట్లు లెక్కపెట్టి, ఏ స్వరాలో పైకి చదవండి. వారం రోజుల్లో తేడా తెలుస్తుంది.

కాపీ కొట్టినట్టా?

‘ఫలానా హిట్ పాట కార్డ్స్ వాడితే కేసు వేస్తారా’ అని నన్ను చాలామంది అడుగుతారు. 2023లో న్యూయార్క్ కోర్టులో ఎడ్ షీరన్ మీద నడిచిన కేసు ఇలాంటిదే. ఆయన పాటలోని కార్డ్ వరస మార్విన్ గే పాటను పోలి ఉందన్నది వాదన. జ్యూరీ షీరన్ వైపే తీర్పిచ్చింది. కార్డ్స్ అందరూ వాడుకునే ఇటుకల్లాంటివి అన్నదే ఆయన తరఫు వాదన. ట్యూన్ అలా కాదు. సినిమా పాట మిడి ఫైల్ డౌన్‌లోడ్ చేసి మెలొడీతో సహా వాడేస్తే ఇబ్బందే. కొన్న ప్యాక్ అయినా లైసెన్స్ షరతులు చదివాకే క్లయింట్‌కు ఇవ్వండి.

పని ఎక్కడుంది?

మ్యూజిక్ డైరెక్టర్ అయిపోవడం ఒక్కటే దారి కాదు. సినిమా సంగీత దర్శకుల బృందాల్లో కీబోర్డ్ ప్రోగ్రామర్లు ఉంటారు. దర్శకుడు కూనిరాగం తీస్తే దానికి కార్డ్స్ వేసి, రిథమ్ పెట్టి, స్కేల్ మార్చి వినిపించడం వీళ్ల పని. అరేంజర్లు, ప్రకటనలకు జింగిల్స్ చేసేవాళ్లు, షార్ట్‌ఫిల్మ్‌లకు, పాడ్‌కాస్ట్‌లకు నేపథ్య సంగీతం ఇచ్చేవాళ్లు... అందరికీ ఇదే పునాది. కోర్సు చేయాలనుకుంటే ఏఆర్ రెహమాన్ 2008లో చెన్నైలో ప్రారంభించిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఉంది. రికార్డింగ్ వైపు ఆసక్తి ఉంటే పుణె ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సు ఉంది.

కోడింగ్ వచ్చినవాళ్లకు ఇంకో తలుపు. సీ++లో జ్యూస్ అనే ఫ్రేమ్‌వర్క్‌తో సంగీత ప్లగిన్లు తయారు చేస్తారు. పైథాన్‌లో మిడో లైబ్రరీతో మిడి ఫైళ్లు చదవొచ్చు, రాయొచ్చు. ఎంఐటీలో పుట్టిన మ్యూజిక్21తో కార్డ్స్ విశ్లేషించవచ్చు. గేమ్ కంపెనీల్లో ఎఫ్‌మాడ్, వైజ్ తెలిసినవాళ్లు ఆడియో విభాగంలో పనిచేస్తారు. ‘ఇచ్చిన మిడి ఫైల్‌లో రాగానికి చెందని స్వరాలు ఎక్కడున్నాయో చూపించే ప్రోగ్రామ్’... ఫైనలియర్ మినీ ప్రాజెక్ట్‌కు నేనిచ్చే ఐడియా ఇది. నాకు ఆరోజు అది ఉంటే బాగుండేది.

ఒక హెచ్చరిక కూడా. ఇందులో డబ్బు మొదట్లో నిలకడగా రాదు. ఉద్యోగం మానేసి దిగమని నేను చెప్పను. పాట చేయడం ఇప్పుడు ఎవరికైనా వస్తుంది, ఏఐకి కూడా వస్తుంది. నా అనుభవంలో క్లయింట్ మళ్లీ పిలిచేది మాత్రం ‘అక్కడ ఆ ఒక్కటీ మార్చు’ అంటే మార్చి ఇవ్వగలిగినవాళ్లనే. పని అప్పగించేటప్పుడు ఆడియో ట్రాకులతో పాటు మిడి ఫైలు, టెంపో, శ్రుతి రాసి ఇవ్వండి. చిన్న విషయమే, కానీ తర్వాత వచ్చేవాళ్లకు గంటల పని తగ్గుతుంది.

ఈ వారం చేసి చూడండి

మొదటి రెండు రోజులు: ఏ నోటు చెప్పినా మేజర్, మైనర్ లెక్కపెట్టి గీయండి. మూడో రోజు: తెల్ల కీల మీద ఏడు కార్డ్స్. నాలుగో రోజు: నాలుగు కార్డ్స్ వరస తీసుకుని గెంతులు తీసేయండి. ఐదో రోజు: వెలాసిటీ, సమయం, పెడల్. ఆరో రోజు: అమ్మో, చెల్లెలో, స్నేహితుడో పాడిన ఏదైనా రెండు లైన్లకు శ్రుతి కనుక్కుని కార్డ్స్ వేయండి. ఏడో రోజు: వాళ్లనే కూర్చోబెట్టి వినిపించండి. ‘ఇక్కడ ఏదోలా ఉంది’ అని వాళ్లు చెప్పిన చోట ఏ స్వరం ఉందో వెతకండి.

నేను ఈ లెక్కలు నేర్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత ఓ ఆదివారం పాత ప్రాజెక్ట్ తెరిచి, నిషాదం, మధ్యమం తీసేసి, ఐదున్నరకు మార్చి టీచర్ గారికి వాట్సాప్‌లో పంపాను. షార్ట్‌ఫిల్మ్ అప్పటికే విడుదలైపోయింది. సాయంత్రానికి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నా ట్రాక్ మీద ఆవిడ పల్లవి పాడారు. చివర్లో ఒక మాట: ‘‘బాగుంది నాన్నా. రెండో చోట ఇంకొంచెం మెత్తగా వాయించు.’’

వెలాసిటీ 80 నుంచి 65కు తగ్గించాను.